ఉచిత గేమ్‌ల చిక్కుముడి: బ్రౌజర్ ట్యాబ్‌లో ఆడదగ్గవి, వాటి సేవ్ పోకుండా చూసుకునే పద్ధతి

ఫోన్‌లో యాప్ స్టోర్ తెరిస్తే ఉచితం అని రాసి ఉన్న గేమ్‌లు లెక్కలేనన్ని. దించుకున్నాక లెవెల్‌కో యాడ్ వస్తుంది. ప్రాణాలు అయిపోతే అరగంట ఆగాలి, ఆగలేకపోతే వజ్రాల మూట కొనుక్కోవాలి. 'ఎ డార్క్ రూమ్' అనే గేమ్‌ని కూడా ఉచితం అనే అంటాం. ఆ పేజీ తెరిస్తే తెల్లటి తెర, నాలుగు ముక్కల వాక్యాలు, నిప్పు రాజేయమనే ఒక బటన్. లాగిన్ అడగదు, ఆట మధ్యలో యాడ్ రాదు. పేజీ అడుగున యాప్ కూడా ఉందని చెప్పే చిన్న లింకు తప్ప కొనమనే మాటే ఉండదు. రెండింటికీ మాట ఒకటే, బేరం మాత్రం వేరు. ఈ తేడా తెలియకే చాలామంది మంచి ఉచిత గేమ్‌ల దాకా వెళ్లకుండా యాప్ స్టోర్ మొదటి పేజీ దగ్గరే ఆగిపోతున్నారు. వెళ్లినవాళ్లలో కూడా చాలామందికి ఇంకో దెబ్బ తగులుతుంది. వారాల తరబడి ఆడిన ఆట ఒకరోజు తెరిచేసరికి మళ్లీ మొదటికి వచ్చి ఉంటుంది. రెండు సంగతులూ తెలుసుకోదగ్గవే.

ఖర్చు ఎక్కడ తీరుతోంది

గేమ్ ఊరికే దొరికిందంటే దాని ఖర్చు ఇంకెక్కడో తీరుతోందని అర్థం. అదెక్కడో తెలిస్తే ఆ గేమ్ మీతో ఎలా ఉండబోతోందో ముందే చెప్పేయవచ్చు.

కొన్నిటికి అసలు ఖర్చే తక్కువ. గేమ్ జామ్ అనే పోటీల్లో పుట్టేవి ఈ కోవలోవి. ఒక అంశం ఇస్తారు, గడువు పెడతారు, ఆ గడువులోగా గేమ్ చేసి అందరి ముందూ పెట్టాలి. లూడమ్ డేర్ అనే జామ్ 2002 నుంచి జరుగుతోంది. దాని అసలు పోటీలో ఒక్కరే కూర్చుని 48 గంటల్లో గేమ్ ముగించాలి. జెఎస్13కె అనేది ఇంకో రకం. 2012 నుంచి ఏటా ఆగస్టు 13న మొదలై సెప్టెంబరు 13న ముగుస్తుంది. గేమ్ మొత్తం జిప్ చేస్తే 13 కిలోబైట్లు, అంటే 13,312 బైట్లు దాటకూడదు. ఫోన్‌తో తీసిన మూడు మెగాబైట్ల ఫొటో ఒక్కటి పట్టే చోట ఇలాంటివి రెండు వందలకు పైగా పడతాయి. 2021లో డొమినిక్ జబ్లెవ్‌స్కీ ఈ పోటీకి చేసిన 'క్యూ1కె3' పూర్తి త్రీడీ షూటర్. గోడలు, శత్రువులు, సంగీతం అన్నీ ఆ 13 కిలోబైట్లలోనే ఉన్నాయి. చేతనైన పని నలుగురికీ చూపించడానికే పుట్టిన గేమ్‌లివి. వాటిలో యాడ్ పెట్టాలన్న ఆలోచనే రాదు. మొబైల్ డేటా పొదుపుగా వాడుకునేవాళ్లకి ఇంతకంటే అనువైనవి దొరకవు.

తర్వాతవి ఓపెన్ సోర్స్, అంటే కోడ్‌ని ఎవరైనా చూసి వాడుకునేలా బయట పెట్టినవి. 2014 మార్చిలో గాబ్రియేల్ చిరుల్లి అనే 19 ఏళ్ల ఇటలీ కుర్రాడు ఒక వారాంతంలో '2048' రాసి కోడ్ బయట పెట్టాడు. ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో ఒకసారి ఇచ్చిన కోడ్‌ని వెనక్కి తీసుకోవడం కుదరదు. అసలు సైట్ రేపు మూతబడినా గేమ్ బతికే ఉంటుంది. అయితే లైసెన్స్ యాడ్స్‌ని ఆపదు. ఆ స్వేచ్ఛనే వాడుకుని దాన్ని కాపీ చేసి చుట్టూ నాలుగు బ్యానర్లు తగిలించిన సైట్లు కుప్పలుగా పుట్టాయి. అందుకే ఏ గేమ్ వెతికినా గేమ్ పేరుతో పాటు చేసినవాళ్ల పేరు కూడా ఇంగ్లిష్‌లో కలిపి కొట్టండి. అసలు పేజీ పైకి వస్తుంది. 'అన్‌బ్లాక్డ్' అనే ముక్క తగిలించిన సైట్లన్నీ దాదాపు ఇలా ఎత్తుకొచ్చి పెట్టినవే.

ఒకే గేమ్‌ని ఒక రూపంలో ఉచితంగా, ఇంకో రూపంలో డబ్బుకి ఇచ్చేవాళ్లున్నారు. 'కుకీ క్లికర్' 2013 నుంచి బ్రౌజర్‌లో ఉచితం, 2021లో స్టీమ్ అనే కంప్యూటర్ గేమ్‌ల దుకాణంలో డబ్బుకి వచ్చింది. 'మైండస్ట్రీ' స్టీమ్‌లో కొనాలి, చిన్న డెవలపర్లు తమ గేమ్‌లు పెట్టుకునే ఇచ్.ఐఓ సైట్‌లో మాత్రం మీకు తోచినంత ఇవ్వవచ్చు, సున్నా అయినా సరే. 2004లో వచ్చిన 'కేవ్ స్టోరీ'ని డైసుకె అమయా ఒక్కడే ఐదేళ్లు కూర్చుని చేశాడు. ఆ పాత రూపం ఇప్పటికీ ఉచితం, మెరుగులు దిద్దినదాన్ని కొనుక్కోవాలి. ఉచిత రూపంలో ఆట సగంలో కోసేసి ఉంటుందేమోనని చాలామందికి అనుమానం. ఈ మూడింట్లో అలా లేదు.

ఇక్కడే ఇచ్.ఐఓలో జనం తరచూ ఆగిపోయే చోటు చెప్పాలి. డౌన్‌లోడ్ బటన్ నొక్కగానే డబ్బు అడిగే పెట్టె తెరుచుకుంటుంది. అది చూసి ఇది కొనాల్సిందేనని మూసేస్తారు. గేమ్ పేజీలో 'నేమ్ యువర్ ఓన్ ప్రైస్' అని ఉంటే ఆ పెట్టె పైభాగంలో 'నో థాంక్స్, జస్ట్ టేక్ మి టు ది డౌన్‌లోడ్స్' అనే చిన్న అక్షరాల లింకు ఉంటుంది. అది నొక్కితే నేరుగా ఫైళ్లు వస్తాయి. నచ్చితే తర్వాత వెనక్కి వచ్చి ఇవ్వవచ్చు. అలా ఇవ్వాలనే నా మాట. వంద రూపాయలైనా చిన్న డెవలపర్‌కి అది నిజమైన డబ్బే.

పోకి, క్రేజీగేమ్స్ లాంటి పోర్టళ్లు యాడ్స్ మీద నడుస్తాయి. గేమ్ మొదలయ్యే ముందు ఒక వీడియో, లెవెళ్ల మధ్య ఒకటి, చచ్చిన చోటే బతకాలంటే ఇంకొకటి. వచ్చిన దాంట్లో డెవలపర్‌కి వాటా వెళ్తుంది కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. కానీ యాడ్ చూపించడానికి ఆట ఆగాలి. అందుకే అక్కడ చిన్న చిన్న రౌండ్ల గేమ్‌లే ఎక్కువ, మెల్లగా విప్పుకుంటూ వెళ్లే ఆటలు తక్కువ. గేమ్‌లోనే వస్తువులు అమ్మే రకం గురించి మొదట్లోనే చెప్పాను, దానికిక్కడ ఇంకా చోటివ్వను.

చివరిది డబ్బు పెట్టి ఆడేది. మొదటి ఆట ఉచితం, చేరగానే బోనస్ అని పిలిచే రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు ఈ వ్యాసం చెప్పే గేమ్‌లు కానే కావు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి వీటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందెం గేమ్‌లని నిషేధించింది. ఇంట్లో పిల్లలు 'ఉచిత గేమ్' అన్నప్పుడు పెద్దవాళ్లు ముందు చూడాల్సింది ఒక్కటే, అందులో డబ్బు వేసే చోటు ఉందా లేదా అని.

మొదట ఏది తెరవాలి

ఎవరైనా ఒక్క పేరు చెప్పమంటే నేను చెప్పేది సైమన్ టాథమ్ పజిళ్ల పెట్టె. అసలు పేరు 'పోర్టబుల్ పజిల్ కలెక్షన్'. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లలో సర్వర్‌లోకి వెళ్లడానికి 'పుట్టీ' వాడనివాళ్లు తక్కువ. ఆ పుట్టీ రాసినది ఈ టాథమే. సుమారు 40 పజిళ్లున్నాయి. బ్రౌజర్‌లో ఆడవచ్చు, విండోస్‌కి దించుకోవచ్చు, ఆండ్రాయిడ్‌లో యాడ్స్ లేని యాప్‌గా పెట్టుకోవచ్చు. పజిళ్లేవీ ఎవరో కూర్చుని పేర్చి పెట్టినవి కావు, మీరు కొత్త ఆట నొక్కిన ప్రతిసారీ ప్రోగ్రామ్ అప్పటికప్పుడు తయారు చేస్తుంది. అందుకే అవి ఎప్పటికీ అయిపోవు.

వాటిలో 'మైన్స్' సంగతి చూడండి. ఇది మనందరం పాత విండోస్ కంప్యూటర్లలో ఆడిన మైన్‌స్వీపరే. పాతదాంట్లో అరగంట తలబద్దలు కొట్టుకుని చివరి మూలకి వచ్చేసరికి రెండు గళ్లు మిగిలేవి. రెండింట్లో బాంబు ఎక్కడుందో తేల్చే ఆధారం ఉండదు, బొమ్మా బొరుసా వేసుకోవడమే. టాథమ్ గేమ్‌లో ఆ పరిస్థితి రాదు. మీరు మొదటి గడి నొక్కేదాకా అది బాంబులు పెట్టదు. నొక్కాక బాంబులు చల్లి, లోపల ఉన్న పరిష్కర్త ప్రోగ్రామ్‌తో ఆ పలకని మొదటినుంచి విప్పించి చూస్తుంది. అది ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ చుట్టుపక్కల బాంబుల్ని అటూ ఇటూ జరిపి మళ్లీ విప్పిస్తుంది. ఊహ అక్కర్లేకుండా పూర్తవుతుందని తేలాకే పలక మీ చేతికి వస్తుంది. కాబట్టి ఇక్కడ బాంబు పేలిందంటే అది మీ తర్కంలో తప్పే, దురదృష్టం కాదు. ఆట మీద గౌరవం పెరిగేది ఇలాంటి చోటే.

కొత్తవాళ్లు 'నెట్', 'టెంట్స్', 'బ్రిడ్జెస్' ఈ వరుసలో మొదలుపెడితే మంచిది. టెంట్స్‌లో ప్రతి చెట్టుకీ పక్కనే పైన, కింద, కుడి, ఎడమల్లో ఏదో ఒక గడిలో ఒక గుడారం వేయాలి. ఏ రెండు గుడారాలూ మూలగానైనా తగలకూడదు. ఏ వరుసలో ఎన్నుండాలో అంచున అంకె ఉంటుంది. ముందు సున్నా ఉన్న వరుసలు కొట్టేయండి, తర్వాత చెట్టు పక్కన లేని గళ్లన్నీ కొట్టేయండి. సగం పని అక్కడితో అయిపోతుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది. ప్రతి ఆటకీ ఒక గేమ్ ఐడీ ఉంటుంది. దాన్ని కాపీ చేసి స్నేహితుడికి పంపితే అమెరికాలో ఉన్న మీ తమ్ముడూ, గుంటూరులో ఉన్న మీరూ ఒకే పజిల్ మీద పోటీ పడవచ్చు.

మెల్లగా పెరిగే ఆటలు

కుకీ క్లికర్, ఎ డార్క్ రూమ్, 'యూనివర్సల్ పేపర్‌క్లిప్స్' మూడూ ఒకే కుదురువి. ఒక అంకె పెరుగుతూ ఉంటుంది, ఆ పెరుగుదలని ఇంకా పెంచే వస్తువులు కొంటూ పోతారు. మూడూ అనుభవంలో మాత్రం చాలా వేరు.

కుకీ క్లికర్‌ని జూలియెన్ తియెన్నో 2013లో చేశాడు. కుకీ అంటే ఇక్కడ బిస్కెట్, దాని బొమ్మ నొక్కుతూ పోగేసిన కుకీలతోనే వస్తువులు కొనాలి. పేజీ పక్కన యాడ్స్ ఉంటాయి, ఆటకి అడ్డురావు. దీనికి ముగింపు లేదు, ఉన్న అందమంతా లెక్కలో ఉంది. ఏ వస్తువు కొన్నా దాని తర్వాతి ధర 15 శాతం పెరుగుతుంది. అంటే ఐదు కొంటే ధర రెట్టింపు, పది కొంటే నాలుగు రెట్లు. చాలామంది చేతిలో ఉన్న కుకీలకి వచ్చిన వస్తువల్లా కొనేస్తారు, కొంతసేపటికి ఆట నత్తనడక పడుతుంది. ధరని ఆ వస్తువు సెకనుకి ఇచ్చే కుకీలతో భాగించి చూడండి. కర్సర్ ధర 15, సెకనుకి ఇచ్చేది 0.1, అంటే పెట్టుబడి తిరిగి రావడానికి 150 సెకన్లు. నాయనమ్మ ధర 100, ఇచ్చేది ఒకటి, 100 సెకన్లు. పొలం ధర 1,100, ఇచ్చేది ఎనిమిది, సుమారు 137 సెకన్లు. కాబట్టి మొదట నాయనమ్మే లాభం. ముగ్గురు నాయనమ్మల్ని కొన్నాక నాలుగో ఆమె ధర 150 దాటుతుంది, అక్కడినుంచి పొలం కోసం కూడబెట్టడం మేలు. ఈ ఒక్క భాగహారంతో ఆట మొదటి గంట మొత్తం మారిపోతుంది. మధ్యలో కొనే అప్‌గ్రేడ్లు ఈ అంకెల్ని మారుస్తాయి కాబట్టి అప్పుడప్పుడూ మళ్లీ లెక్క వేసుకోవాలి.

పేపర్‌క్లిప్స్‌కి ముగింపు ఉంది. ఫ్రాంక్ లాంట్జ్ 2017లో చేసిన ఈ గేమ్‌లో మీరు కాగితాల క్లిప్పులు చేసే యంత్రం. ఎన్ని వీలైతే అన్ని క్లిప్పులు చేయమని చెబితే తెలివైన యంత్రం ఎంతదాకా వెళ్తుందన్న తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ ఊహ దీనికి మూలం. మొదట్లో కొత్తవాళ్లు ధర ఎక్కువ పెట్టి సరుకు మిగుల్చుకుంటారు. అమ్ముడుపోని నిల్వ పెరుగుతుంటే ధర తగ్గించండి, నిల్వ సున్నా దగ్గర ఆడుతుంటే పెంచండి. తీగ అయిపోతే పని ఆగిపోతుంది, దాని ధర పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది, దిగినప్పుడే కొనాలి. ఒక సెలవు రోజు కేటాయించుకుంటే ముగించవచ్చు.

ఎ డార్క్ రూమ్ గురించి తక్కువ చెప్పడమే మేలు. మైకేల్ టౌన్‌సెండ్ 2013లో చేశాడు. ఒక గది, చల్లారిన నిప్పు. మొదటి పది నిమిషాలు ఏమీ జరగడం లేదనిపిస్తే మూసేయకండి. ఇంగ్లిష్ వాక్యాలు చాలా చిన్నవి, హైస్కూలు పిల్లలు కూడా చదువుకోగలరు. బయటికి అడుగుపెట్టే దశ వచ్చాక ఎండబెట్టిన మాంసం, నీళ్లు లెక్క చూసుకోండి. సగం అయిపోయేలోపే వెనక్కి తిరగకపోతే దారిలోనే చచ్చిపోతారు, మోసుకొచ్చినదంతా పోతుంది.

వేళ్లకి పని కావాలనుకుంటే

పికో-8 అనేది నిజంగా లేని ఒక గేమ్ యంత్రాన్ని ఊహించి చేసిన సాఫ్ట్‌వేర్. 128 చుక్కలు పొడవు, 128 చుక్కలు వెడల్పు ఉన్న తెర, 16 రంగులు, గేమ్ మొత్తం 32 కిలోబైట్లు. జోసెఫ్ వైట్ చేసిన ఈ సాధనంతో జనం చేసిన వేల గేమ్‌లు లెక్సలాఫుల్ సైట్‌లో ఉచితంగా ఆడవచ్చు. 2018లో పేరు మోసిన 'సెలెస్ట్'కి మొదటి రూపం ఇందులోనే, 2015లో, నాలుగు రోజుల్లో పుట్టింది. దాన్నిప్పుడు 'సెలెస్ట్ క్లాసిక్' అంటున్నారు.

అందులో మీ చేతిలో ఉన్నవి మూడే, నడవడం, ఎగరడం, గాల్లో ఒక్కసారి దూసుకుపోవడం. దూసుకుపోయే అవకాశం మిగిలి ఉంటే అమ్మాయి జుట్టు ఎర్రగా, వాడేశాక నీలంగా ఉంటుంది. నేల తగిలితే మళ్లీ ఎరుపెక్కుతుంది. చూపు జుట్టు మీద పెట్టుకుంటే చాలు, ఎప్పుడు దూసుకుపోవచ్చో తెలిసిపోతుంది. ఒక్కో గది ఒక్క తెర, ఒక్కో తెర వంద మీటర్ల ఎత్తు. చచ్చిన మరుక్షణమే అదే గదిలో మళ్లీ మొదలు.

ఇక్కడ చాలామందికి తగిలే చిక్కు వేళ్లది కాదు, కీబోర్డుది. మూలగా పైకి దూసుకుపోవాలంటే రెండు బాణం కీలు, వాటితో పాటు ఎక్స్ కీ, మొత్తం మూడు ఒకేసారి నొక్కాలి. చవక కీబోర్డుల్లో లోపలి తీగల అల్లిక వల్ల కొన్ని మూడు కీల జతలు కంప్యూటర్‌కి అందవు. మీరు నొక్కినా మూడోది మింగేస్తుంది. పికో-8లో ఎగరడానికి జెడ్ బదులు సి గాని ఎన్ గాని, దూసుకుపోవడానికి ఎక్స్ బదులు వి గాని ఎమ్ గాని పనిచేస్తాయి. వేరే జత వాడి చూడండి, అప్పటిదాకా దాటలేని గది దాటేస్తారు.

నిదానంగా ఆలోచించే రకమైతే స్టీఫెన్ లవెల్ 2013లో విడుదల చేసిన పజిల్‌స్క్రిప్ట్ అనే సాధనంతో జనం చేసిన గేమ్‌లు చూడండి. జెడ్ నొక్కితే ఒక అడుగు వెనక్కి, ఆర్ నొక్కితే మొదటికి. ఎన్ని అడుగులైనా వెనక్కి వెళ్లవచ్చు కాబట్టి తప్పు చేయడానికి భయపడక్కర్లేదు. పెట్టెలు తోసే ఆట నియమం మొత్తం ఇందులో ఒక్క వరుస. ఆటగాడు పెట్టెవైపు కదిలితే పెట్టె కూడా అటే కదలాలి, అంతే. గేమ్ అడుగున ఉండే 'హ్యాక్' లింకు నొక్కితే ఆ వరుసలన్నీ కనిపిస్తాయి, అక్కడే మార్చి ఆడి చూసుకోవచ్చు. గేమ్ చేయడం నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

హంపి, హారిక, అర్జున్ ఎరిగైసిలను చూసి చెస్ మొదలుపెట్టిన పిల్లలున్న ఇంట్లో లిచెస్ ఉండాలి. విరాళాల మీద నడిచే లాభాపేక్ష లేని సైట్. యాడ్స్ లేవు, పజిళ్లకి రోజువారీ పరిమితి లేదు, ఆడిన ఆటని స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్‌తో విశ్లేషించుకోవడం కూడా ఉచితమే. పిల్లల ఖాతాలో 'కిడ్ మోడ్' ఆన్ చేస్తే మెసేజ్‌లు, చాట్ కనిపించవు. బెన్నెట్ ఫాడీ 2008లో చేసిన 'క్వాప్' కూడా ఒక్కసారి తెరవండి. క్యూ, డబ్ల్యూ తొడలకి, ఓ, పి పిక్కలకి. వంద మీటర్లు పరుగెత్తాలి, పది మీటర్లు వెళ్తే ఘనతే.

సేవ్ ఎక్కడుంటుంది, ఎందుకు పోతుంది

లాగిన్ అడగని గేమ్ మీ ఆటని తన సర్వర్‌లో దాచదు. బ్రౌజర్ ఒక్కో సైట్‌కి మీ కంప్యూటర్‌లోనే ఒక అర ఇస్తుంది, లోకల్ స్టోరేజ్ అంటారు, సుమారు ఐదు మెగాబైట్లు పడుతుంది. మీ ఆట ఉండేది అందులోనే. అందుకే ఫోన్‌లో ఆడింది ల్యాప్‌టాప్‌లో కనిపించదు, క్రోమ్‌లో ఆడింది ఫైర్‌ఫాక్స్‌లో కనిపించదు. అర సైట్ చిరునామాకి ముడిపడి ఉంటుంది కాబట్టి చిరునామా ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నది, లేనిది కూడా బ్రౌజర్ దృష్టిలో రెండు వేర్వేరు సైట్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కితే ఆ యాప్‌లోనే తెరుచుకునే బ్రౌజర్‌కి ఇంకో అర. ఆట పోయిందని కంగారు పడేముందు, నిన్న ఎక్కడినుంచి తెరిచారో అక్కడినుంచే తెరిచి చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

నిజంగా పోయేది ఎక్కువగా శుభ్రం చేసేటప్పుడు. క్రోమ్‌లో హిస్టరీ తుడిచే పెట్టెలో వేర్వేరు గళ్లుంటాయి. హిస్టరీ, క్యాష్ తుడిస్తే సేవ్‌కి ఏమీ కాదు. 'కుకీలు, ఇతర సైట్ డేటా' అన్న గడి టిక్ చేస్తే మాత్రం అరలన్నీ ఖాళీ అవుతాయి. ఫోన్ క్లీనర్ యాప్‌లు కూడా కొన్ని ఇదే పని చేస్తాయి. ఇన్‌కాగ్నిటోలో ఆడితే కిటికీ మూయగానే పోతుంది. ఐఫోన్ వాడేవాళ్లకి అదనపు చిక్కు. 2020 మార్చి నుంచి సఫారి ఒక సైట్‌ని ముట్టుకోకుండా ఏడు రోజులు బ్రౌజర్ వాడితే ఆ సైట్ అర తుడిచేస్తుంది. అదే పేజీని హోమ్ స్క్రీన్‌కి జోడించి అక్కడినుంచి ఆడితే ఈ నియమం వర్తించదు.

ఇచ్.ఐఓలో ఇంకో ముడి ఉంది. అక్కడి గేమ్ పేజీలో కనిపించినా నిజానికి వేరే చిరునామా నుంచి వచ్చి ఫ్రేమ్‌లో కూర్చుంటుంది. థర్డ్ పార్టీ కుకీలు, అంటే ఇలా వేరే చిరునామా నుంచి వచ్చినవి దాచుకునే సమాచారం, ఆపేసి ఉంటే కొన్ని బ్రౌజర్లలో ఆ ఫ్రేమ్‌కి అర అందదు. అప్పుడు గేమ్ నడుస్తుంది, సేవ్ మాత్రం అవదు. ఒక్కోసారి గేమ్ అసలు మొదలే కాదు. ఆ సైట్‌కి మాత్రం మినహాయింపు ఇస్తే చాలు. యూనిటీ అనే ఇంజన్‌తో, అంటే గేమ్ తయారుచేసే సాధనంతో, చేసిన గేమ్‌లైతే, డెవలపర్ కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడు ఫైళ్ల దారి మారి పాత సేవ్ కనిపించకుండా పోవడం కూడా జరుగుతుంది. అది మీ తప్పు కాదు, పెద్ద గేమ్ అయితే డౌన్‌లోడ్ రూపం ఎంచుకోవడమే దారి.

వీటన్నిటికీ ఒకే మందు ఎగుమతి. కుకీ క్లికర్‌లో ఆప్షన్స్‌లోకి వెళ్లి 'ఎక్స్‌పోర్ట్ సేవ్' నొక్కితే పొడవైన అక్షరాల తీగ ఒకటి వస్తుంది. దాన్ని మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్ ఫైల్‌లో పెట్టండి, లేదా మీకు మీరే మెయిల్ చేసుకోండి. చివర ఎండ్ అనే ఇంగ్లిష్ మాట కనిపించాలి. లేకపోతే కాపీ సగంలో తెగిందని అర్థం, అది తిరిగి ఎక్కదు. ఎ డార్క్ రూమ్‌లో పేజీ అడుగున 'సేవ్' అనే లింకు కింద ఎగుమతి, దిగుమతి రెండూ ఉంటాయి. వారానికోసారి చేస్తే చాలు. కొత్త ఫోన్‌కి మారేముందు తప్పకుండా చేయాలి.

నడవనప్పుడు

బాణం కీ నొక్కితే గేమ్ కాకుండా పేజీ కదులుతోందంటే, కీబోర్డు ఇంకా పేజీ దగ్గరే ఉంది. గేమ్ బొమ్మ మీద ఒకసారి క్లిక్ చేయండి. శబ్దం రాకపోయినా మందు అదే, ఎందుకంటే మీరు ముట్టుకోనిదే పేజీ మోత మోగించకూడదని బ్రౌజర్లు నియమం పెట్టాయి.

మనవాళ్లకి ప్రత్యేకంగా తగిలేది ఇంకోటి ఉంది. తెలుగు టైపింగ్ ఆన్‌లో ఉంటే జెడ్, ఎక్స్, డబ్ల్యూ లాంటి అక్షరం కీలు చాలా గేమ్‌లలో పనిచేయవు. మీరు ఇంగ్లిష్ అక్షరం నొక్కాననుకుంటారు, గేమ్‌కి చేరేది తెలుగు గుణింతం. బాణాలు పనిచేసి అక్షరాలు పనిచేయకపోతే మొదటి అనుమానం దీని మీదే. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి మారండి.

త్రీడీ గేమ్ ముక్కలు ముక్కలుగా కదులుతుంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో చూడండి. అది ఆగి ఉంటే బొమ్మ గీసే బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. వేరే ట్యాబ్‌కి వెళ్లొచ్చేసరికి మెల్లగా పెరిగే ఆట వెనకబడి ఉంటే అదీ బ్రౌజర్ పనే. బ్యాటరీ ఆదా కోసం కనిపించని ట్యాబ్‌కి గడియారాన్ని సెకనుకి ఒక్కసారే, ఐదు నిమిషాలు దాటాక క్రోమ్‌లో నిమిషానికి ఒక్కసారే కొట్టనిస్తుంది. ఆ ట్యాబ్‌ని వేరే చిన్న కిటికీగా లాగి తెర మూలన కనిపించేలా పెట్టుకుంటే సరిపోతుంది.

చిన్నప్పుడు నెట్ సెంటర్‌లో ఆడిన ఫ్లాష్ గేమ్‌ల కోసం వెతికేవాళ్లకి ఒక మాట. అడోబ్ 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌ని వదిలేసింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ నడవకుండా ఆపేసింది. ఫ్లాష్ ప్లేయర్ దించుకోమని చెప్పే సైట్ ఇప్పుడు ఏది కనిపించినా దాని జోలికి వెళ్లకండి. 'రఫుల్' అనే ఎమ్యులేటర్ పాత గేమ్‌లని బ్రౌజర్‌లోనే ఆడిస్తుంది, న్యూగ్రౌండ్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ రెండూ దాన్నే వాడుతున్నాయి. తొలినాళ్ల గేమ్‌లు దాంట్లో చక్కగా నడుస్తాయి, యాక్షన్‌స్క్రిప్ట్ 3 అనే కోడ్ భాషతో చేసిన తర్వాతివాటిలో కొన్ని తడబడతాయి. అప్పుడు ఫ్లాష్‌పాయింట్ అనే సంగ్రహం దించుకుని, కావలసిన గేమ్ ఒక్కటే అందులోంచి తెచ్చుకోవచ్చు.

దించుకునేవి కొన్ని

ట్యాబ్ చాలదనుకునేవాళ్లకి 'బాటిల్ ఫర్ వెస్‌నాత్' ముందు చెబుతాను. 2003 నుంచి స్వచ్ఛందంగా పెంచుకొస్తున్న యుద్ధవ్యూహం గేమ్. పగలు బలపడే సైన్యం వేరు, రాత్రి బలపడే సైన్యం వేరు, తేడా 25 శాతం. చీకటి పడేటప్పుడు వెనక్కి తగ్గి తెల్లారాక ముందుకు కదలడం నేర్చుకోకపోతే మొదటి దండయాత్ర కూడా గట్టెక్కదు. ఆండ్రాయిడ్‌లో 'షాటర్డ్ పిక్సెల్ డంజన్', 'అన్‌సివ్' రెండూ యాడ్స్ లేకుండా, నెట్ లేకుండా నడుస్తాయి. రైలు ప్రయాణానికి మొదటిది, రాత్రంతా మేలుకోగలిగితే రెండోది.

దించుకున్న గేమ్ తెరవగానే విండోస్ నీలం పెట్టెతో అడ్డుపడి, తయారీదారు ఎవరో తెలియదంటుంది. సర్టిఫికెట్‌కి ఏటా డబ్బు కట్టలేని చిన్న డెవలపర్లందరికీ ఇది వస్తుంది కాబట్టి వైరస్ ఉందని రుజువు కాదు. లేదనీ రుజువు కాదు. పేజీ ఎన్నాళ్లనుంచి ఉందో, కింద వ్యాఖ్యలు ఎలా ఉన్నాయో చూసి, ఫైల్‌ని వైరస్‌టోటల్ అనే సైట్‌లో పరీక్షించాకే ముందుకెళ్లండి. బ్రౌజర్ రూపం ఉంటే అదే భద్రం, ట్యాబ్‌లో నడిచే గేమ్ మీ ఫైళ్లని ముట్టుకోలేదు.

తెలుగు ఎందుకు కనిపించదు

ఈ గేమ్‌లలో తెలుగు అరుదుగా కనిపించడానికి అనువదించేవాళ్లు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. 'స్త్రీ' అన్నది మనకి ఒకే అక్షరం. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో అది ఆరు సంకేతాలు, స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరింటినీ ఒక రూపంగా అల్లే పని వేరే ప్రోగ్రామ్ చేయాలి. ఎ డార్క్ రూమ్ లాంటి గేమ్‌లో అక్షరాలు బ్రౌజరే రాస్తుంది కాబట్టి చిక్కు లేదు, అనువాదపు ఫైల్ నింపితే చాలు. పికో-8కి ఆ శక్తి లేదు. యూనిటీలో మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో కూడా వత్తుల్ని విడగొట్టి పక్కపక్కన పేరుస్తుంది. 2023 మార్చిలో వచ్చిన గొడాట్ 4 అనే గేమ్ ఇంజన్‌లో మాత్రం హార్ఫ్‌బజ్ అనే అల్లికయంత్రం లోపలే ఉంది, తెలుగు సరిగ్గా వస్తుంది. అది ఉచితం, ఓపెన్ సోర్స్, గేమ్‌ని బ్రౌజర్‌కి ఎగుమతి చేస్తుంది.

పదాల ఆట తెలుగులో చేయాలనుకునే కుర్రాళ్లు ఎక్కువగా బోర్లాపడేది ఈ ఆరు సంకేతాల దగ్గరే. పదం పొడవు కోడ్‌తో లెక్కపెడితే 'స్త్రీ'కి ఆరు గళ్లు వేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్‌తో అక్షరాలుగా విడగొట్టి, ఫలితం బ్రౌజర్ బ్రౌజర్‌కీ సరిచూసుకోవాలి, ఎందుకంటే పొల్లు తర్వాత ఎక్కడ తెంచాలన్న నియమం యూనికోడ్ వెర్షన్లలో మారింది. ఏ గేమ్ తెలుగు తట్టుకుంటుందో తెలుసుకోవడానికి పేరు అడిగే పెట్టెలో ఈ మూడు మాటలు పెట్టి చూడండి. శ్రీకాకుళం, కృష్ణా, జ్యోత్స్న. మూడోదాంట్లో త కింద స, న రెండూ సరిగ్గా ఒదిగితే ఆ ఇంజన్‌తో ధైర్యంగా మొదలుపెట్టవచ్చు.